తాళంచెవి ఇస్తేనే తాడు

3 ఫిబ్రవరి 2025
పేరు రాయకూడని ఊరు

దేవకుమారి అత్తకి,

మేనకోడలు సారిక వందనాలు. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి అచ్చిబాబు గారు చదివేసే ఉంటారు. అచ్చిబాబు గారూ, మీకూ నమస్కారమండి. నేను పెట్టిన మెయిలు మీ ఫ్లెక్సీల షాపులో ప్రింటు తీసి అత్తకి ఇస్తున్నారు, అత్త రాసింది ఫోటో తీసి నాకు పంపుతున్నారు. చాలా సంతోషం. చదివితే చదివారు, ఊరంతా మాత్రం చెప్పకండి.

ఫోను ఎందుకు చెయ్యదు అని అడిగావట. ఇక్కడ సాయంత్రం కాసేపు నెట్టు వస్తుంది. దాంట్లో ఉత్తరం పడుతుంది గానీ గొంతు పట్టదు. నీ గొంతు అసలే పట్టదు.

ఉద్యోగం ఏంటో అర్థమయ్యేలా చెప్పమన్నావు. నా మెడలో కార్డు మీద 'శాంతి స్థాపన, ప్రజాస్వామ్య సహాయ బృందం, టీమ్ లీడర్' అని ఉంది. లీడర్ అవడం ఇదే మొదటిసారి. నా కింద ఆరుగురు. అందరూ నాకన్నా పెద్దవాళ్ళు, అందరూ నన్ను మేడమ్ అంటారు, నేను వెనక్కి తిరిగి ఎవరిని పిలుస్తున్నారా అని చూస్తాను.

ఇక్కడొక నది. మన గౌతమిలో సగం ఉంటుంది. రెండు గట్ల మీద రెండు ఊళ్ళు, ఏళ్ళ తరబడి కొట్టుకుని ఇప్పుడిప్పుడే అలిసిపోయాయి. మధ్యలో బల్లకట్టు ఒకటి. దాన్ని లాగే తాడు ఇవతలి గట్టు మీద ఒక పెద్దావిడ చేతిలో ఉంటుంది. ఇక్కడివాళ్ళ పేర్లు రాయకూడదని మా రూలు కాబట్టి ఆవిణ్ణి తాడు మామ్మ అందాం. మామ్మకి కోపం వస్తే తాడు విప్పి ఇంట్లో పెట్టుకుంటుంది. అంతే, ఇంక నది దాటేవాళ్ళే ఉండరు.

సాయం ధాన్యం లారీలు ఇవతలి గట్టుకే రాగలవు. సగం ధాన్యం అవతలికి బల్లకట్టు మీద దాటాలి. అందుకని మా పైవాళ్ళు ఒక షరతు పెట్టారు. రెండు ఊళ్ళూ కలిసి ఓట్లేసి ఒక రేవు కమిటీని ఎన్నుకోవాలి, తాడు ఆ కమిటీ చేతిలో ఉండాలి, అప్పుడే లారీలు బయల్దేరతాయి. ఏప్రిల్ దాటితే వానలు పడి దారి బురదైపోతుంది. ఈలోపు కాకపోతే ధాన్యం ఇంకెక్కడికో పోతుంది, వానాకాలమంతా ఈ రెండు ఊళ్ళూ ఆకులు ఉడకబెట్టుకోవాలి. నా టీమునీ ఎత్తేస్తారు.

ఇంకో రూలు. మేము ఏ గట్టు వాళ్ళ తిండీ తినకూడదు. తింటే వాళ్ళ పక్షమంటారు. కళ్ళు మూసుకుంటే నీ కొరమీను పులుసే కనిపిస్తోంది.

ఆకలితో,
నీ సారిక


11 ఫిబ్రవరి 2025
నడిమిలంక

నా బంగారు సారికకి ప్రభువు నామంలో అత్త దీవెనలు.

ఏవే, తిండి తినకూడదా? ఎవరే ఆ రూలు పెట్టినవాడు? వాడికి తల్లి లేదా? మనింటికి వచ్చినవాడు మంచినీళ్ళు తాగి లేచిపోతే మీ మావయ్య రెండు రోజులు మొహం మాడ్చుకుంటాడు. అలాంటి ఇంట్లో పెరిగి, వాళ్ళు వండి పెడుతుంటే వద్దంటావా? వాళ్ళు కొట్టుకుంటున్నది ఆ బాధతోనేమో కనుక్కో.

ఆదివారం నీకోసం ప్రార్థన చేయించాను. దేశం పేరేంటని అడిగితే చెప్పకూడదన్నాను. అయ్యగారు "పేరులేని దేశంలో ఉన్న మా బిడ్డ సారికను కాపాడు తండ్రీ" అన్నారు. అప్పట్నించి ఊళ్ళో ఒకటే గుసగుసలు. నువ్వు మిలటరీలో చేరావని సగం మంది, ఎవరో సినిమా ఆయన్ని పెళ్ళి చేసుకుని దాక్కున్నావని సగం మంది. రెండోది బాగుందని నేను కాదనలేదు.

ఇక అసలు సంగతి. మన చర్చి స్త్రీల సమాజానికి ఇరవై ఏళ్ళు దాటి నేనే ప్రెసిడెంటుని. ఎన్నిక ఎలా జరుగుతుందో నువ్వూ చూశావు. ముగింపు ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నాక అయ్యగారు "పాత కమిటీయే ఉండటానికి ఎవరికైనా అభ్యంతరమా" అంటారు. ఎవరూ పలకరు. ఆమెన్ అనేస్తారు. ఎంత శాంతిగా ఉంటుందో. మొన్న కాలవ అవతలి పేట రూతమ్మ కళ్ళు తెరిచింది. తెరిచి ఊరుకోకుండా "నాకుందండి అయ్యగారూ" అంది.

గొడవంతా గుండిగల గురించి. సమాజం గుండిగలూ తెడ్లూ మన వీధి గదిలో ఉంటాయి కదా, తాళంచెవి నా నడుముకి ఉంటుంది. పెళ్ళయినా, ఈస్టరు ప్రేమవిందయినా ఎవరైనా నా దగ్గరికి రావలసిందే. కాలవ అవతలి వాళ్ళకి ఎప్పుడూ సొట్టపోయిన గుండిగే ఇస్తున్నానట. సొట్టపోయినదాన్ని ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదే!

మొత్తానికి మార్చి తొమ్మిదో తారీఖు ఆదివారం నాకూ రూతమ్మకీ ఎలక్షనన్నారు. నువ్వు ఊళ్ళకి ఊళ్ళకే ఎలక్షన్లు పెట్టే దానివి. మీ టీము పేరులోనే సహాయం ఉంది. ఆ సహాయం ముందు సొంత అత్తకి చెయ్యి. నేను గెలిచే ఎలక్షను ఒకటి ఎలా పెట్టాలో రాసి పంపు.

ఇట్లు,
స్త్రీల సమాజం ప్రెసిడెంటు (ఇప్పటికీ),
నీ అత్త


19 ఫిబ్రవరి 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి నేను నవ్వుతుంటే మా టీములో నేపాల్ ఆయన, గురుంగ్ గారు, మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నేను గెలిచే ఎలక్షను పెట్టమని నన్నడిగిన మొదటి మనిషివి నువ్వు కాదు. పోయిన వారమే తాడు మామ్మ అచ్చం అలాగే అడిగింది. రేవు కమిటీ పెద్ద పదవికి ఆవిడకి పోటీ అవతలి గట్టు బడి టీచరు. మీ ఇద్దరికీ ఒకే జవాబు. ఎలా పెట్టాలో చెప్తాను, ఎవరు గెలవాలో చెప్పను.

తెర వెనక రెండు కుండలు పెట్టండి, ఒక్కొక్కరికి ఒక్కో కుండ. ఓటుకి ఒక చింతపిక్క. కుండ అడుగున ఇసుక పొయ్యండి. ఇది మరిచిపోకు. ఇసుక లేకపోతే పిక్క పడ్డ చప్పుడుకి ఎవరు ఎందులో వేశారో బయట వాళ్ళకి తెలిసిపోతుంది, మొహమాటానికి ఓట్లేస్తారు. లెక్కపెట్టేటప్పుడు రెండు పేటలకీ చెందని బయటివాళ్ళు చూడాలి. ఆఖరుది, ఓడినవాళ్ళు తాళంచెవిని తమ చేత్తో అప్పగిస్తామని ముందే అందరి ఎదుటా ప్రమాణం చెయ్యాలి. ఈ ఆఖరుది నువ్వు చదవకుండా దాటేస్తావని తెలుసు. అందుకే మళ్ళీ రాస్తున్నాను, ఓడినవాళ్ళు తమ చేత్తో అప్పగించాలి.

మా ఎలక్షను మార్చి పన్నెండున. కానీ నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. తిండి గురించి నువ్వన్నదే నిజమయ్యేలా ఉంది. "నా ముద్ద ముట్టనిది నా ఓటు ముట్టడమేంటి" అని మామ్మ మా మీద అలిగింది. అవతలి గట్టు వాళ్ళకీ అదే కోపం. రెండు ఊళ్ళూ కలిసిన మొదటి విషయం నా మీద కోపమే.

అయోమయంలో ఉన్న లీడరు,
సారిక


3 మార్చి 2025
నడిమిలంక

సారికమ్మకి అత్త దీవెనలు.

నీ మాట జవదాటలేదు. చింతపిక్కలు మరిడమ్మ కొట్లో తెచ్చాం. ఇసుక గోదాట్లోంచి మీ మావయ్యే మోసుకొచ్చాడు, రెండు గుండిగల్లోనూ పోశాం. బయటివాళ్ళు కావాలన్నావు కదా, ఎవర్ని పిలవాలా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాం. పక్క ఊరి వాళ్ళంటే అందరూ చుట్టాలే. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. యానాం! ఆటోలో వెళ్ళొచ్చేంత దూరం, కానీ పాండిచ్చేరి ప్రభుత్వం. అంటే పరాయి రాజ్యమే కదే? అక్కణ్ణించి ఇద్దరు టీచరమ్మలు వస్తున్నారు. "పరదేశ పరిశీలకులు" అని అచ్చిబాబు వాళ్ళకి మెళ్ళో కార్డులు కూడా చేశాడు, నీకున్నట్టే.

నిన్న ఏర్పాట్లు చూసుకుందామని ఆ ఇద్దరూ వచ్చారు. నీ రూలు చెప్పి చచ్చాను. ఇటు మా ఇంట్లో రొయ్యలూ మామిడికాయ, అటు రూతమ్మ ఇంట్లో నాటుకోడి. వాళ్ళు రెండూ వద్దన్నారు. రెండు పేటల వాళ్ళమూ కాలవ గట్టు మీద నిలబడి ఏడుపు మొహాలు పెట్టాం. నలభై ఏళ్ళుగా నేను చూడని దృశ్యమది, అతిథి ఆకలితో కూర్చుంటే మనం చూస్తూ ఉండటం. చివరికి రూతమ్మే "ఒకే కంచంలో ఇద్దరం వడ్డిద్దామండి, అన్నం మీది, కూర మాది" అంది. అన్నం మేం పెట్టాం, కోడికూర వాళ్ళు వేశారు, మళ్ళీ మేం రొయ్యలు వేశాం, వాళ్ళు పెరుగు పోశారు. ఎవరి పక్షమో పరలోకంలో ఉన్న తండ్రికి కూడా తెలియదు. ఇద్దరూ మారు వడ్డించుకున్నారు.

ప్రమాణం కూడా చేశాను, బైబిలు మీద చెయ్యేసి. చెయ్యడానికేం, గెలిచేది నేనే కదా.

మీ టీము తరఫున అభినందనలు ఒకటి ముందే రాసి పంపు. ఆదివారం ఫలితం రాగానే చదివించాలి. పేరులేని దేశం నుంచి వచ్చిందంటే రూతమ్మ మొహం చూడాలి.

ఇట్లు,
విజయం ఖాయమైన నీ అత్త


7 మార్చి 2025

అత్తా, అత్తా, అత్తా!

ఒకే కంచం! నాకెందుకు తట్టలేదు? నీ ఉత్తరం రాగానే రెండు ఊళ్ళ వాళ్ళకీ కబురు పెట్టాను. ఇవతలి గట్టు జొన్న సంకటి, అవతలి గట్టు ఎండుచేపల కూర, ఒకే పళ్ళెంలో, బల్లకట్టు మీద, నది మధ్యలో. మేం ఏడుగురం తిన్నాం. గట్ల మీద రెండు ఊళ్ళూ నిలబడి మేం నమలడం చూశాయి. గురుంగ్ గారు మారు అడగగానే రెండు వైపులా కేకలు, చప్పట్లు. కార్డు మెళ్ళో వేసుకుని ఇన్నాళ్ళూ నేను చెయ్యలేనిది మీ కోడికూర చేసింది.

అభినందనలు అడిగావు. "ఎన్నికైన అధ్యక్షురాలికి శాంతి బృందం శుభాకాంక్షలు" అని రాసి ఏడుగురం సంతకాలు పెట్టి పంపుతున్నాను. గెలిచేవాళ్ళ పేరు వెయ్యలేదు, వెయ్యకూడదు. అచ్చిబాబు గారూ, దీన్ని ఫలితం వచ్చేదాకా ఎవరికీ చూపించకండి. దయచేసి ఫ్లెక్సీ చెయ్యకండి.

కడుపు నిండిన,
సారిక


17 మార్చి 2025

ప్రెసిడెంటు గారికి,

గెలిచిన సంబరంలో మేనకోడల్ని మరిచిపోయావా? వారం దాటినా ఉలుకూ పలుకూ లేదు. నాకు తెలుసు, సన్మానాల్లో మునిగి ఉంటావు.

మా ఎలక్షనూ అయింది. టీచరు గెలిచింది. తేడా చాలా తక్కువ. ఇవతలి గట్టులోనే కొందరు టీచరుకి వేశారన్నమాట. అందరం టీచరు ఇంటికి వెళ్ళి డప్పులు, పాటలు, ఒకటే హడావిడి, నేను కూడా గెంతాను. మర్నాడు చూస్తే రేవులో తాడు లేదు. మామ్మ విప్పుకుపోయి, చుట్టలు చుట్టి, దాన్నే పీటగా వేసుకుని కూర్చుంది. ప్రమాణం మాటేంటంటే "చేశాను, నెరవేరుస్తాను, ఎప్పుడో చెప్పలేదు" అంటోంది. తాడు కమిటీకి వస్తే గానీ లారీలు కదలవు. పడమట మబ్బులు కనిపిస్తున్నాయి.

అందుకే నీ సలహా కావాలి. నువ్వు గెలిచిన దానివి కదా, ఓడినావిణ్ణి ఎలా దువ్వావు? రూతమ్మగారు ఊరికే ఊరుకునే మనిషి కాదు. ఆవిణ్ణి ఎలా దారికి తెచ్చుకున్నావో తొందరగా రాయి.

నీ విజయానికి మురిసిపోతున్న,
సారిక


23 మార్చి 2025
నడిమిలంక

సారికకి,

నేను ఓడిపోయాను.

మూడు పిక్కలు తక్కువ. మళ్ళీ లెక్కపెట్టించాను, మళ్ళీ మూడే. నీ ఇసుకే నన్ను ముంచింది. ఆ ఇసుక లేకపోయుంటే ఠంగుమని వినపడేది, మన వీధి వాళ్ళు ఒక్కళ్ళు కూడా అటు వేసేవాళ్ళు కాదు. ఇప్పుడు మన పేటలో ఎవరు నాకు వెయ్యలేదో తెలియక, అందర్నీ అనుమానంగా చూస్తూ, అందరితో నవ్వుతూ మాట్లాడాల్సి వస్తోంది. దవడలు నొప్పెడుతున్నాయి.

దానికి తోడు అచ్చిబాబు. ముందురోజే ఫ్లెక్సీ కొట్టేశాడు. "ఆయ్, గెలిచేది అమ్మగారే కదండి" అన్నాడు, నేను ఊ అన్నాను. కాలవ వంతెనకి అడ్డంగా కట్టాడు, "ఎన్నికైన అధ్యక్షురాలికి శాంతి బృందం శుభాకాంక్షలు" అని, కింద మీ ఏడుగురి సంతకాలు, మధ్యలో తలుపంత నా మొహం. నవ్వుతూ. కనకాంబరాలు పెట్టుకుని. ఓడిన రోజు నుంచి ఊరంతా నా నవ్వు కిందనుంచే వెళ్తోంది.

నేను చర్చికి వెళ్ళి రెండు ఆదివారాలైంది. తాళంచెవి ఇవ్వలేదు. ఇవాళ నీ ఉత్తరం అచ్చిబాబు తెచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, ముందే చదివాడుగా. "అమ్మగారూ, ఇది తర్వాత చదువుకోండి" అని చాటుగా పట్టుకున్నాడు. లాక్కుని చదివాను. గెలిచిన దానివి కదా, ఓడినావిణ్ణి ఎలా దువ్వావు అని! ఒసే సారికా, ముందు చీపురు కోసం చూశాను, తర్వాత కూర్చుని ఏడ్చాను, తర్వాత ఎందుకో నవ్వు వచ్చి ఆగలేదు. మీ మావయ్య భయపడి ఆర్.ఎం.పి. డాక్టర్ని పిలవనా అన్నాడు.

నీ ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. ఓడినావిణ్ణి ఎవరూ దువ్వలేదే. అందరూ గెలిచినావిడ ఇంటికే వెళ్ళారు. ఇరవై ఏళ్ళు నా గుమ్మం ముందు చెప్పులు పెట్టడానికి చోటు ఉండేది కాదు. ఇప్పుడు నా చెప్పులూ మీ మావయ్య చెప్పులే. నాకు గుండిగలు అక్కర్లేదు సారికా. గది తాళం తియ్యమని ఎవరూ అడగని ఇంట్లో నేనేం చెయ్యాలో తెలియడం లేదు, అంతే.

మీ తాడు మామ్మ ఇంటికి ఎవరైనా వెళ్ళారా?

దేవకుమారి


29 మార్చి 2025

అత్తా,

ముందు నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. ఏమీ తెలియకుండా గెంతులేశాను. నీ మొహం తలుచుకుంటే అన్నం సయించలేదు.

తర్వాత నీ ప్రశ్నకి జవాబు. ఎవరూ వెళ్ళలేదు. ఏడుగురం టీచరు ఇంటి దగ్గర డప్పుకి ఆడిన వాళ్ళమే. నీ ఉత్తరం చదివిన సాయంత్రమే మామ్మ ఇంటికి వెళ్ళాను. తాడు అడగడానికి కాదు, ఊరికే కూర్చోవడానికి. నేను కూడా తాడు చుట్ట అంచు మీద కూర్చున్నాను. నా మాటలు వాళ్ళ భాషలోకి మార్చి చెప్పే అబ్బాయి చేత నీ సంగతి చెప్పించాను. గుండిగలు, ఇసుక, వంతెన మీద నవ్వుతున్న నీ మొహం, గుమ్మం ముందు లేని చెప్పులు. అంతా విని ముందుకు వంగింది. "మీ అత్త తాళంచెవి ఇచ్చేసిందా?" అంది.

అక్కడ నేను తడబడ్డాను. "ఇస్తుంది" అన్నాను.

"అయితే ఆవిడ ఇచ్చిన రోజు చెప్పు. నేనూ ఆ రోజే తాడు ఇస్తాను. నోటిమాట కాదు, ఋజువు తే" అంది. బయట గుమిగూడిన వాళ్ళందరూ విన్నారు. తెల్లారేసరికి అవతలి గట్టుకీ తెలిసిపోయింది. ఇప్పుడు నేను రేవులోకి వెళ్తే పిల్లా పెద్దా ఒకటే అడుగుతున్నారు, మీ అత్త ఇచ్చిందా, మీ అత్త ఇచ్చిందా అని. మా పైవాళ్ళకి పంపే వారం రిపోర్టులో 'ప్రధాన అడ్డంకి' అన్నచోట ఏం రాయాలో తెలియక గురుంగ్ గారూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

నిన్ను బలవంతం చెయ్యను. కానీ రెండు ఊళ్ళ ధాన్యం ఇప్పుడు నీ నడుముకి వేలాడుతోంది.

సిగ్గుతో,
సారిక


3 ఏప్రిల్ 2025
నడిమిలంక

సారికకి,

ఆవిడెవరే నాకు షరతులు పెట్టడానికి? నేనెవరో ఆవిడకి తెలుసా? ముందు ఆవిణ్ణే తాడు ఇమ్మను. వయసులో పెద్దది కదా, పెద్దరికం చూపించమను. తాడు రేవులో కట్టినట్టు ఫోటో వస్తే అప్పుడు తాళం సంగతి ఆలోచిస్తాను.

ఇంతకీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులున్నాయా? తాడు మీద కూర్చుంటే ఇంకా పెరుగుతాయి. కింద గుడ్డ వేసుకోమను.

దేవకుమారి


7 ఏప్రిల్ 2025

అత్తా,

నీ మాట చెప్పాను. మామ్మ కళ్ళు మెరిశాయి. "ఆవిడ నాలాంటిదే" అంది, చాలా గర్వంగా. తాడు మాత్రం ఇవ్వలేదు. గుడ్డ వేసుకుంది. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయట, నీకూ ఉన్నాయా అని అడిగింది.

ఇవాళ మధ్యాహ్నం చినుకులు పడి ఆగాయి. లారీల వాళ్ళు నెలాఖరు దాకా చూస్తామన్నారు.

సారిక


14 ఏప్రిల్ 2025
నడిమిలంక

సారికకి అత్త దీవెనలు.

నిన్న మట్టల ఆదివారం. పొద్దున్నే నీ ఉత్తరం మళ్ళీ తీశాను. చినుకులు అన్న దగ్గర ఆగిపోయాను. ఇక్కడ మనం ప్రేమవిందుకి ఎంత బియ్యం పొయ్యాలా అని కొట్టుకుంటుంటే అక్కడ ఆకులు ఉడకబెట్టుకోవడమేంటని నా మీద నాకే కోపం వచ్చింది. మట్ట పట్టుకుని చర్చికి వెళ్ళాను. అయిపోయాక ఆ మట్టతోనే వంతెన దాటి రూతమ్మ ఇంటికి నడిచాను. నా వెనకాల ఎంతమంది వస్తున్నారో వెనక్కి తిరిగాక తెలిసింది. ఊరేగింపు ఇంకా అవ్వలేదనుకున్నారట.

రూతమ్మ అరుగు మీద చింతచిగురు నలుపుతోంది. నన్ను చూసి లేవబోయి చాట తిరగేసింది.

"రండి వదినగారూ, ఏంటండి ఇలా వచ్చారు" అంది.

"ఇదిగో తాళంచెవి. నదికి తాడు కట్టాలంట, తొందరగా పుచ్చుకో" అన్నాను.

"ఏ నదికండి?"

"పేరు చెప్పకూడదు."

మొత్తం కథ చెప్పాను. తాడు మామ్మ నాకోసం కూర్చుని ఉందని చెప్పేసరికి రూతమ్మ నవ్వు ఆపుకోలేక చింతచిగురులో కూలబడింది. తర్వాత కళ్ళు తుడుచుకుని "మీరు రాకపోతే గెలిచి ఏం లాభమండి, ఏ గుండిగలో ఎంత బియ్యం పడుతుందో నాకేం తెలుసు, రోజూ గుమ్మంలోకి వచ్చి మీ వీధి వైపు చూస్తున్నాను" అంది. ఆవిడ చూస్తోందని నాకెవరూ చెప్పలేదు. ప్రెసిడెంటుగా ఆవిడ మొదటి తీర్పు ఏంటో తెలుసా? ఈ ఈస్టరుకి సొట్టపోయిన గుండిగ మన పేటకట. అదీ న్యాయమేలే అన్నాను.

ఋజువు కావాలన్నావు కదా. వంతెన దగ్గర ఫ్లెక్సీ కింద నిలబడి ఫోటో దిగుదామన్నాను. కానీ పైన నా మొహం ఉండగా ఎలా? "అచ్చిబాబూ, నా మొహం మీద రూతమ్మది అతికించు" అన్నాను. రూతమ్మ దగ్గర ఆధార్ ఫోటో తప్ప లేదు. దాన్ని ఎంత సాగదీసినా నా అంత అవలేదు. అతికించి చూస్తే చుట్టూ నా కొప్పు, కనకాంబరాలు, బుట్టలు పెట్టుకున్న నా ఎడం చెవి అలాగే మిగిలిపోయాయి. రూతమ్మకి ఇప్పుడు మూడు చెవులు. అచ్చిబాబు "పీకేసి కొత్తది కొట్టనా అండి" అన్నాడు. టైము లేదు, అక్కడ వాన వస్తోంది, ముందు ఫోటో తియ్యమన్నాను.

పంపుతున్నాను చూడు. తాళంచెవి రూతమ్మ చేతిలో ఉంది. నేను నవ్వుతున్నాను. ఈసారి దవడలు నొప్పెట్టలేదు.

ఇట్లు,
మాజీ ప్రెసిడెంటు,
నీ అత్త


21 ఏప్రిల్ 2025

నా అత్తకి,

ఈస్టరు వందనాలు! ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మీ ఫోటోని మా దగ్గరున్న పెద్ద కాగితం మీద ప్రింటు తీసి మామ్మ ఇంటికి తీసుకెళ్ళాం. టీచరునీ రమ్మన్నాను. మామ్మ ఫోటోని దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని చూసింది. తాళంచెవి చూసింది. తర్వాత పైన ఫ్లెక్సీ చూసి "గెలిచినావిడకి మూడు చెవులేంటి?" అంది.

"మూడోది మా అత్తది" అన్నాను.

నవ్వింది అత్తా. ఆ నవ్వు చెప్పలేను. తాడు మీద ఊగిపోయి, పక్కన నిలబడ్డ టీచరు భుజం పట్టుకుని మరీ నవ్వింది. పట్టుకున్నది ఎవరి భుజమో చూసుకున్నాక కూడా వదల్లేదు. తర్వాత టీచరుతో ఒక మాట చెప్పింది. "చూశావా, గెలిచినవాళ్ళకి రెండు చెవులు చాలవు. రేవులో నా చెవి కూడా ఉండాలి." టీచరు తలూపింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని తాడు రేవుకి మోశారు. ముడి మామ్మే వేసింది, టీచరుకి రాదు.

గుడ్ ఫ్రైడే నాడు లారీలు వచ్చాయి. శనివారమంతా బల్లకట్టు తిరుగుతూనే ఉంది. ఈస్టరు పొద్దున్న చివరి బస్తా అవతలి గట్టు మీద పడింది, మధ్యాహ్నం నుంచి ఆగని వాన. ఇప్పుడు కూడా రేకుల మీద మోత, నువ్వు పక్కన కూర్చుని అరిచినా వినపడదు. నా టీముని ఎత్తెయ్యరట. అందరూ మళ్ళీ మేడమ్ అన్నారు, ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.

ఒక్క సంగతి మిగిలింది. మామ్మ ఒక కొత్త సమాజం పెట్టింది. ఓడినవాళ్ళ సమాజం. సభ్యులు ఆవిడా, నువ్వూ. ప్రెసిడెంటు ఎవరని అడిగితే "ఎలక్షను పెట్టు" అంది! పెట్టాను. కుండలో ఇసుక పోశాను. ఆవిడ ఓటు వేసింది. రహస్యం ఉంచాలి గానీ ఆవిడే ఊరంతా చెప్పేసింది, ఓటు నీకట. నీ ఓటు రావాలి.

వానలో తడుస్తూ,
నీ సారిక


27 ఏప్రిల్ 2025
నడిమిలంక

నా బంగారానికి,

నా ఓటు ఆవిడకే. చింతపిక్క ఒకటి కవర్లో పెట్టి ఉంచాను, నువ్వు వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. ఇద్దరికీ చెరొకటి వచ్చిందంటే తేలనట్టే. అలాగే ఉండనీ.

నీ ఉత్తరం ఇవాళ చర్చిలో అచ్చిబాబు చేతే చదివించాం, ఎలాగూ ముందే చదివాడు కదా. చివరి బస్తా దగ్గరికి వచ్చేసరికి కాగితం కిందికి దించేసి కళ్ళు ఒత్తుకున్నాడు. అయ్యగారు పుచ్చుకున్నారు, ఆయనా చదవలేకపోయారు. చివరికి రూతమ్మ చదివింది, కచేరీలాగా.

ఫ్లెక్సీ తియ్యకూడదని సమాజం తీర్మానించింది. మూడో చెవితో సహా ఉంటుంది. ఎండకి రూతమ్మ మొహం కొంచెం వెలిసింది, నా చెవి మాత్రం నిగనిగలాడుతోంది.

సాయంత్రం రెండు పేటల ఆడవాళ్ళూ ఇక్కడికే వచ్చారు. గుండిగల గది రూతమ్మ ఇంట్లోకి మార్చడానికి జాగా లేదట, ఇక్కడే ఉంచుదామన్నారు. తాళంచెవి ఆవిడ దగ్గర, గది నా దగ్గర. ఇంకా లోపల కూర్చుని మాట్లాడుకుంటున్నారు, నేను టీ పెట్టే వంకతో వచ్చి ఇది రాస్తున్నాను. గుమ్మం ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు. రూతమ్మవి అంచున ఉంటే కుక్క ఎత్తుకుపోతుందని లోపల పెట్టాను.

ఇట్లు,
ఓడినవాళ్ళ సమాజం, నడిమిలంక శాఖ,
నీ అత్త